రేపటికి ఎంత వండాలి?

(రేడియో ప్రసంగం)

లెక్క అనగానే రేడియో కట్టేసి లేచిపోకండి. ఇవాళ నేను చెప్పబోయే లెక్క వంటింటిదే. ఇంటికి పదిమంది భోజనానికి వస్తున్నారంటే ఎన్ని గ్లాసుల బియ్యం కడగాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చెయ్యే చెబుతుంది. కాని వచ్చేది పదిమందో పాతికమందో తెలియదు, తెలిసేదాకా ఆగడానికీ వీల్లేదు, పొయ్యి వెలిగించి తీరాలి. అప్పుడు ఎంత వండాలి? మిగిలితే డబ్బు దండగ. చాలకపోతే పరువు తక్కువ. ఈ రెంటి మధ్యా ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కర్మాగారాల్లో, ఆస్పత్రుల్లో, బస్సు డిపోల్లో వాడతారు. నేను ఇరవై రెండేళ్ళు ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగు సెక్షన్లో కూర్చుని ఆ పద్ధతితోనే నట్లూ బోల్టులూ లెక్కపెట్టాను. రిటైరయ్యాక దాంతోనే మా చెల్లెలి గుత్తివంకాయ కూర లెక్కపెట్టాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

మా చెల్లెలు హైదరాబాదులో కర్రీ పాయింటు నడుపుతోంది. మీలో చాలామందికి తెలిసినదే. అన్నం ఇంట్లో వండుకుని, కూరా పప్పూ సాంబారూ పొట్లాల్లో కొనుక్కుపోతారు. ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళు, హాస్టలు పిల్లలు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, వీళ్ళంతా సాయంత్రం అయ్యేసరికి అక్కడ చేరతారు. మా చెల్లెలి చెయ్యి మంచిది. రెండేళ్ళ క్రితం గాజులు కుదువపెట్టి ఒక షట్టరు అద్దెకి తీసుకుంది. కూర బాగుందన్నవాళ్ళే గాని బాగులేదన్నవాళ్ళు లేరు. అయినా అద్దె, ఇద్దరు పనివాళ్ళ జీతాలు ఇచ్చేసరికి నెలకి ఏడెనిమిది వేలు చేతినుంచి పడుతోంది. గాజులు విడిపించుకునే మాట అటుంచి, వాటి మీద వడ్డీ కట్టడమే గగనమైంది. "దసరా దాకా చూసి మూసెయ్యి" అన్నాడు మా మరిది. అతని తప్పేం లేదు, ఆ డబ్బు పడుతున్నది అతని జీతంలోంచే. "అక్కా, ఒక్కసారి వచ్చి చూడవే. వంటలో లోపం ఉంటే దిద్దుకుంటాను" అని ఫోను చేసింది.

వెళ్ళాను. వంటలో లోపమేమీ కనబడలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించేటప్పుడు చూస్తే వంకాయ కూర పొట్లాలు పన్నెండు బల్లమీద అలాగే ఉన్నాయి.

"ఇవేం చేస్తావే?"

"వాచ్‌మన్ వాళ్ళకి రెండు ఇస్తాను. మిగతావి పారెయ్యడమే. రేపటికి ఉంచి అమ్మితే ఉన్న పేరు కాస్తా పోదూ!"

"మరి ఇన్నెందుకు కట్టావు?"

"అడిగినవాళ్ళకి లేదనకూడదక్కా."

ఆ మాట మా అమ్మది. ఇంటికి వచ్చినవాళ్ళకి లేదనకూడదని మమ్మల్ని అలాగే పెంచింది. ఇంట్లో అది ధర్మమే. అద్దె కట్టే షట్టర్లో ఆ ధర్మానికి రోజుకి ఎంత ఖర్చవుతోందో ఎవరూ లెక్కవెయ్యలేదు. అదీ సంగతి.

దాని జమాఖర్చుల పుస్తకం అడిగాను. ముచ్చటగా రాసుకుంది. వంకాయ కూర రోజూ 45 పొట్లాలు. అమ్ముడైనవి ఒకరోజు 30, ఒకరోజు 40, ఇంకోరోజు 25. పప్పు మాత్రం రోజూ 25 కట్టడం, మూడు నాలుగు రోజులు తప్ప 25కి 25 అమ్ముడుపోవడం. "పప్పుకి పాతికేనక్కా గిరాకీ. ఇంట్లో ఎవరైనా చేసుకోగలరు గదా, ఎవరు కొంటారు?" అంది. పాతిక్కి మించి కడితే గదమ్మా తెలిసేది, అన్నాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. లెక్కలు రాసుకునేవాళ్ళు, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా, పప్పులో కాలేసేది ఇక్కడే. అమ్మిన లెక్క వేరు, అడిగిన లెక్క వేరు. ఎనిమిదింటికే పప్పు అయిపోతే ఆ తర్వాత వచ్చి "పప్పు లేదా?" అని అడిగి వెళ్ళిపోయినవాళ్ళు పుస్తకంలోకి రారు. పుస్తకం చూస్తే గిరాకీ పాతికే. మా ఫ్యాక్టరీలో ఒకసారి స్టోర్సు రిజిస్టరులో ఒక బేరింగుకి ఏడాదంతా "ఖర్చు సున్నా" అని ఉంటే, అక్కర్లేని సరుకని జాబితాలోంచి తీసెయ్యబోయాం. తీరా చూస్తే ఏడాదంతా అది స్టాకులో లేనే లేదు. లేనిది ఎవరు తీసుకెళతారు, నా మొహం!

అందుకని మా చెల్లెలి చేత ఒక పని చేయించాను. కౌంటరు కింద రెండు గిన్నెలు, పక్కన చింతపిక్కలు. వంకాయ అయిపోయాక ఎవరైనా వంకాయ అడిగితే మొదటి గిన్నెలో ఒక పిక్క, పప్పు అయిపోయాక పప్పు అడిగితే రెండో గిన్నెలో ఒక పిక్క. రాత్రి అమ్మిన పొట్లాలకి ఆ పిక్కలు కలిపి రాసుకుంటే అదీ ఆ రోజు అసలు గిరాకీ. ఆదివారం తీరు వేరు గనక ఆదివారాలు వదిలేసి ఐదు వారాలు, అంటే 30 రోజులు రాయమన్నాను. "ఐదు వారాలా! దసరా నెత్తిమీదికి వస్తోందక్కా" అంది. రెండేళ్ళు పోసిన డబ్బుకి ఐదు వారాలు ఎక్కువా, అన్నాను.

ముప్ఫై రోజులకీ వంకాయ కూర లెక్క ఇలా తేలింది. ఒకటీ అరా తేడాలు దగ్గరున్న ఐదుకి సర్దాను. 20 పొట్లాలు అడిగిన రోజులు 3, 25 అడిగిన రోజులు 5, 30 అడిగిన రోజులు 7, 35 అడిగినవి 6, 40 అడిగినవి 5, 45 అడిగినవి 3, 50 అడిగిన రోజు ఒక్కటే. అంతా కూడితే 990 పొట్లాలు. రోజుకి సగటున 33.

అయితే రోజుకి 33 కట్టెయ్యొచ్చు గదా అంటారు. మా చెల్లెలూ అదే అంది. సగటు అనే మాట చాలా మర్యాదస్తుడిలా కనబడుతుందిగాని, ఈ వ్యవహారంలో అది తీర్పరి కాదు. ఎందుకో చూడండి. పెన్సిలు ఉంటే తీసుకోండి, చిన్న లెక్కే.

ఒక వంకాయ పొట్లానికి వంకాయలు, నూనె, మసాలా, గ్యాసు, కవరు అన్నీ కలిపి 24 రూపాయలు పడుతుంది. 40కి అమ్ముతుంది. కాబట్టి కట్టిన పొట్లం అమ్ముడుపోతే 16 వస్తుంది, పోకపోతే 24 పోతుంది. వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అద్దె, జీతాలు ఎన్ని పొట్లాలు కట్టినా అవే గనక వాటిని ఈ లెక్కలోకి తేవద్దు.

ఇప్పుడు ఐదైదు పొట్లాలుగా పైకి వెళదాం. మొదటి 20 పొట్లాలకి దిగుల్లేదు, రోజూ పోతాయి. 21 నుంచి 25 దాకా ఉన్నవి 30లో 27 రోజులు పోతాయి, అవీ నయమే. 26 నుంచి 30 దాకా ఉన్నవి? 30గాని అంతకుమించిగాని అడిగిన రోజులు 22. ఆ 22 రోజులూ పదహారేసి వస్తే 352 రూపాయలు. మిగతా 8 రోజులూ ఇరవైనాలుగేసి పోతే 192. పొట్లానికి 160 లాభం. కట్టవచ్చు. 31 నుంచి 35 దాకా ఉన్నవి సరిగ్గా సగం రోజులు పోతాయి, సగం రోజులు మిగులుతాయి. పదిహేను పదహార్లు 240, పదిహేను ఇరవైనాలుగులు 360. పొట్లానికి 120 నష్టం. ఇక్కడ ఆగిపోవాలి. 30.

సగటు 33 అయితే కట్టవలసింది 30 అన్నమాట. ఆవిడ కడుతున్నది 45. ఆ ఆఖరి ఐదు పొట్లాల సంగతి చూడండి. 41 నుంచి 45 దాకా ఉన్న పొట్లాలు 30 రోజుల్లో నాలుగు రోజులే అమ్ముడుపోతాయి. అంటే ఒక్కో పొట్లం 64 రూపాయలు తెచ్చి 624 రూపాయలు పట్టుకుపోతోంది! 30 రోజులకీ కలిపి వేస్తే, రోజూ 45 కట్టినందుకు వంకాయ కూర మీద మిగిలింది 7,000. రోజూ 30 కట్టి ఉంటే 12,200 మిగిలేది. 45 కట్టిన ఆ ఐదు వారాల్లోనూ అమ్ముడుపోని పొట్లాలు 365.

మా చెల్లెలు ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడగవలసిన ప్రశ్నే అడిగింది. "నువ్వన్నట్టు 30 కడితే రోజుకి ఐదుగురికి లేదని చెప్పాలి. వాళ్ళు రేపట్నించి పక్క కొట్టుకి పోతే? ఆ నష్టం నీ లెక్కలో ఉందా?"

లేదు. ప్రశ్న న్యాయమైనదే. కొనేవాళ్ళ నిరాశకి కూడా వెల కట్టాలి. ఎంత కట్టాలో ఎవరూ చెప్పలేరు గాని, తలకిందులుగా అడగొచ్చు. ఎంత కడితే 45 న్యాయమవుతుంది? నిరాశపడ్డ ఒక్కొక్కరి వల్లా, కూర మీద పోయే 16 కాకుండా, ఇంకో 140 రూపాయలు నష్టం వస్తుందనుకుంటే గాని 45 సరికి సరి కాదు. పోనీ 8 రూపాయలనుకుంటే? అప్పుడు 30 కట్టినా 35 కట్టినా ఒకటే. "అక్కా, 140 అంటే మూడున్నర పొట్లాల ఖరీదు గదే" అని నవ్వింది. నిరాశకి వెల తెలియకపోయినా, ఆ వెల ఎంతయితే మన నిర్ణయం మారుతుందో తెలిస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది. ఫ్యాక్టరీలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన కిటుకు ఇదే.

తర్వాత తెలిసిన సంగతి ఇంకోటి. వంకాయ అయిపోయిందంటే సగానికి పైగా జనం "పోనీ, దొండకాయ ఇవ్వండి" అని అదే పట్టుకెళ్ళారు. మనం చీరల కొట్లో చేసేదీ అదే కదూ!

ఇక పప్పు. పిక్కల గిన్నె బయటపెట్టిన రహస్యం ఇదే. పప్పు అడిగేవాళ్ళు వంకాయ అడిగేవాళ్ళకి దాదాపు సమానంగా ఉన్నారు. లెక్క సులువు కోసం అదే పట్టిక అనుకుందాం. పప్పు పొట్లానికి ఖర్చు 8, ధర 30. అమ్ముడుపోతే 22 వస్తుంది, మిగిలితే 8 పోతుంది. ఇక్కడ వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. అదే ఐదైదు పొట్లాల లెక్క వేసి చూడండి, 40 దాకా కట్టవచ్చని తేలుతుంది. 36 నుంచి 40 దాకా ఉన్నవి 30 రోజుల్లో 9 రోజులే పోతాయి. అయినా 9 ఇరవైరెళ్ళు 198, 21 ఎనిమిదులు 168. లాభమే. 25 కట్టినప్పుడు పప్పు మీద మిగిలేది 16,050, 40 కడితే 19,350.

గిరాకీ ఒక్కటే, సగటు ఒక్కటే. ఒకటి 30, ఒకటి 40. మా చెల్లెలు ఖరీదైన కూర ధారాళంగా కట్టి, చవకైన పప్పు పొదుపుగా కట్టింది. పేరు తెచ్చేది వంకాయ గదా అని దాని మీద మోజు. జరగవలసింది సరిగ్గా తిరగేసి.

దీన్ని శాస్త్రంలో పేపరు కుర్రాడి సమస్య అంటారు. పొద్దున్నే ఎన్ని పేపర్లు తీసుకోవాలి? మిగిలిన పేపరు మధ్యాహ్నానికి పొట్లాలు కట్టుకోవడానికే. ఎడ్జ్‌వర్త్ అనే పండితుడు 1888లోనే ఇంగ్లండులో బ్యాంకుల గురించి ఇలాంటి లెక్క వేశాడు. డబ్బు దాచుకున్నవాళ్ళు ఎప్పుడు ఎంత అడుగుతారో తెలియనప్పుడు బ్యాంకు చేతిలో ఎంత రొక్కం ఉంచుకోవాలని. 1951లో ఆరో, హారిస్, మార్షక్ అనే ముగ్గురు సరుకు నిల్వల సిద్ధాంతంగా దీన్ని బాగా సాగదీశారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిషు సైన్యాలకి శాస్త్రజ్ఞులు ఇలాంటి లెక్కలు వేసిపెట్టేవారు. సైనిక చర్యల్ని ఆపరేషన్లంటారు గనక ఈ విద్యకి ఆపరేషన్స్ రీసెర్చ్ అని పేరు స్థిరపడింది. నేను ఆ సెక్షన్లో చేరిన కొత్తలో మా అత్తగారు "మా కోడలు ఆపరేషన్లు చేస్తుంది" అని పేరంటంలో చెప్పి, నాలుగిళ్ళవాళ్ళ చేత నాడి చూపించుకోవడానికి పంపించింది.

సరుకు తెచ్చుకోవడంలోనూ ఇలాంటి తూకమే ఉంది. ఇంట్లో అందరికీ పనికొస్తుంది, వినండి. మా చెల్లెలు వారానికోసారి బేగంబజారు పోయి కందిపప్పు తెచ్చుకునేది. నెలకి 50 కిలోలు కావాలి. పోయినప్పుడల్లా ఆటో ఖర్చులో పప్పు వంతు 200 అనుకుందాం. ఎక్కువ తెచ్చి ఉంచుకుంటే డబ్బు ఇరుక్కుంటుంది, పురుగు పడుతుంది, చోటు కావాలి. దానికి కిలోకి నెలకి 2 రూపాయలు వేద్దాం. వారానికోసారి తెస్తే ఆటోకి 800, నిల్వకి 12, మొత్తం నెలకి 812. ఏడాది సరుకు ఒకేసారి, 600 కిలోలు తెస్తే ఆటో దాదాపు లేనట్టే, నెలకి 17 పడుతుంది, నిల్వ ఖర్చు 600, మొత్తం 617. రెండు నెలలకోసారి వంద కిలోలు తెస్తే ఆటో 100, నిల్వ 100, మొత్తం 200. ఆ రెండు ఖర్చులూ సమానమయ్యేచోటే మొత్తం తగ్గుతుంది. అమెరికాలో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే ఇంజనీరు 1913లో ఒక పత్రికలో దీనికి సూత్రం రాశాడు. (ఇందాకటి ముగ్గురిలో హారిస్ వేరు, ఈ హారిస్ వేరు.)

మరి నెలకోసారి 50 కిలోలు తెస్తే? మొత్తం 250. పెద్ద తేడా లేదు! ఈ ఖర్చుని గీతగా గీస్తే మూకుడు అడుగులా ఉంటుంది. మధ్యలో కాస్త అటూ ఇటూ జరిగినా పెద్దగా పైకి లేవదు, అంచులకి పోతేనే ఎక్కుతుంది. అందుకని మా చెల్లెలు నెలకోసారికి ఖాయం చేసుకుంది, దాని గదిలో పట్టేది అంతే. మన అమ్మమ్మలు ఏడాదికి సరిపడా కందిపప్పు కొని, ఎండబెట్టి, డబ్బాల్లో పోసేవారంటే వాళ్ళకి లెక్క తెలియకకాదు. కోతల రోజుల్లో ధర బాగా తగ్గేది. ఆ తగ్గింపు నిల్వ ఖర్చుని మించితే వాళ్ళదే సరైన లెక్క.

క్యూ సంగతి కూడా ఒక ముక్క చెబుతాను. సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా దాని కొట్టు ముందు జాతర. గడియారం పట్టుకుని చూశాను. ఆ గంటలో ఇరవైమంది వస్తున్నారు, ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు పడుతోంది. మూడు నిమిషాలకొకరు, రెండున్నర నిమిషాల పని, మరి ఇబ్బందేముంది అనిపిస్తుంది. కాని జనం మూడేసి నిమిషాలకి గంట కొట్టినట్టు రారు గదా. నలుగురు ఒక్కసారి వస్తారు, తర్వాత పది నిమిషాలు ఎవరూ రారు. ఒకరికి నిమిషంలో అయిపోతుంది, ఇంకొకరు అన్ని గిన్నెల మూతలూ తీయించి చూసి గాని కదలరు. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన 1909లో ఫోను లైన్ల మీద ఇలాంటి రద్దీకి లెక్క కట్టాడు. ఆయన దారిలో పోతే, రాకపోకలకీ పనికీ ఒక క్రమం లేనప్పుడు, ఇక్కడ ఒక మనిషి వచ్చి వెళ్ళడానికి సగటున 15 నిమిషాలు పడుతుంది. రెండున్నర నిమిషాల పనికి! అదే ఆ పని రెండు నిమిషాలకి తగ్గిస్తే? 15 కాస్తా 6 అవుతుంది. అర నిమిషం తగ్గిస్తే తొమ్మిది నిమిషాలు తగ్గింది.

అర నిమిషం కోసం మనిషిని పెట్టక్కర్లేదు. పొట్లాలన్నీ ముందే కట్టి పెట్టడం, ధరలు పెద్ద అక్షరాలతో రాసి వీధిలోకి కనబడేలా తగిలించడం, ఫోనుతో డబ్బు కట్టే బొమ్మ కౌంటరు మీద కాకుండా వరస మధ్యలో గోడకి అంటించడం. అంతే చేసింది.

అయితే అంకెలు చెప్పిందల్లా చెయ్యమంటావా అని అడగకండి. అమెరికాలో స్టిగ్లర్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1945లో ఒక లెక్క అచ్చువేశాడు. ఒక మనిషికి కావలసిన పోషకాలన్నీ అందేలా ఏడాదికి అతి చవకగా ఎంతలో తిండి పెట్టవచ్చునని. 77 రకాల తిండి పదార్థాలు చూసి, 1939 ధరల్లో 39 డాలర్ల 93 సెంట్లని తేల్చాడు. గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాది పొడుగునా ఇవే! 1947లో డాంట్జిగ్ అనే గణితవేత్త కొత్త పద్ధతి కనిపెడితే, తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి యంత్రాలతో అదే లెక్క మళ్ళీ వేసి 24 సెంట్లు తగ్గించారు. మొత్తం 120 మనిషి రోజుల పని పట్టింది.

1950ల మొదట్లో ఆ డాంట్జిగ్ గారికే డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఈయన తన పద్ధతి తనకే వాడుకుందామని, తక్కువ కాలరీలతో ఎక్కువ కడుపు నిండే భోజనం ఏదో చెప్పమని కంప్యూటరుని అడిగాడు. అది తాపీగా 500 గాలన్ల వెనిగరు తాగమంది. వెనిగరు తిండి కాదని జాబితాలోంచి కొట్టేశాడు. మళ్ళీ అడిగితే రోజుకి 200 సూపు బిళ్ళలు తినమంది. ఉప్పుకి హద్దు పెట్టాలని ఎవరికీ తోచలేదు మరి, ఆ బిళ్ళలు నిండా ఉప్పే! ఆయన మూడు నాలుగు బిళ్ళలు వేడినీళ్ళలో కలిపి నోట పెట్టుకుని ఉమ్మేశాడట. చివరికి ఆయన భార్య ఆన్ "ఇక నేను చూసుకుంటాను" అని తనే పథ్యం పెట్టింది. బరువు తగ్గాడు. ఈ కథ ఆయనే రాసుకున్నాడు. మనం చెప్పని సంగతి లెక్కకి తెలియదు. ఆన్‌కి తెలుసు.

మా చెల్లెలూ అన్నీ వినలేదు. రాత్రి తొమ్మిది దాటాక ఒక పెద్దాయన వస్తాడు, భార్య పోయింది, వంకాయ కూర తప్ప ముట్టడు. ఆయన కోసం ఒక పొట్లం వేరే తీసిపెడుతుంది. "అది నీ ముప్ఫైలో కలపకు" అంది. కలపలేదు. ఆయన రాని రోజు 24 రూపాయలు, అంతేగా.

తర్వాతి ఐదు వారాలూ వంకాయ 30, పప్పు 40 కట్టింది. లెక్క ప్రకారం రెంటి మీదా కలిపి 8,500 ఎక్కువ మిగలాలి. చేతికి వచ్చింది 7,100. గడిచిన 30 రోజులు అచ్చంగా అలాగే తిరిగి రావు గదా. పప్పు మామూలుగా ఉడకబెట్టి ఉంచుకుని, ఏడింటికి జనాన్ని చూశాక సగం పాలకూర పప్పు, సగం టమాటా పప్పు చేసి పోపు పెట్టడం తనంతట తను మొదలుపెట్టింది. ఎంత ఆలస్యంగా తేల్చుకుంటే అంత తక్కువ పొరపాటు. ఇది నేను చెప్పలేదు, ఒప్పుకుంటున్నాను. దసరా వచ్చింది, వెళ్ళింది. మా మరిది మూసెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి గాని, వడ్డీ మాత్రం కొట్టు మీదే కడుతోంది.

కార్తీకమాసం వచ్చేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది. సోమవారాలు ఉల్లీ వెల్లుల్లీ లేని కూర అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. గుత్తివంకాయ అడిగే దిక్కు లేదు, కందా బచ్చలీ ఎనిమిదింటికే ఖాళీ. మొదటి సోమవారం గిన్నెలో 19 పిక్కలు. ఆ రాత్రే ఫోను చేసింది.

"వచ్చే సోమవారానికి కందా బచ్చలీ ఎంత వండనక్కా?"

"ఒక్క సోమవారంతో ఏం చెప్పనే? ఇంకో మూడు రానీ, రాసిపెట్టు."

"మూడూ వచ్చేసరికి కార్తీకం కాస్తా అయిపోతుంది గదే!"

నిజమే. ఈ ఏటికి దాని చెయ్యి కొలతే దిక్కయింది. ఆ పేజీ మాత్రం చింపకుండా దాచమన్నాను, వచ్చే కార్తీకానికి.